క్రీములోని పారఫిన్ నూనె మొటిమలు పుట్టిస్తుందా? భారత ఔషధ నియంత్రణాధికారికి ఖరగ్‌పూర్ నుంచి బహిరంగ లేఖ



ముఖానికి రాసుకొనే క్రీములలో అతి తరచుగా కనిపించే పదార్థాలలో ఖనిజ నూనె ఒకటి. ముడి పెట్రోలియం నుంచి వేరుచేసి, రంగూ రుచీ వాసనా పోయేదాకా శుద్ధి చేసిన ఈ ద్రవాన్ని మందుల దుకాణాలలో లిక్విడ్ పారఫిన్ అనీ, అదే మూలం నుంచి వచ్చే మెత్తని ముద్దను పెట్రోలియం జెల్లీ అనీ అంటారు. ఇది చర్మరంధ్రాలను మూసివేసి మొటిమలు పుట్టిస్తుందన్న నమ్మకం ఎంత బలపడిందంటే, క్రీము డబ్బా మీద ఖనిజ నూనె లేదని రాయడమే ఒక సుగుణంగా చలామణి అవుతోంది. అయితే ఈ ప్రశ్నకు చర్మవైద్యశాస్త్రం చాలాకాలం కిందటే సమాధానం చెప్పింది: సరిగా శుద్ధి చేసిన పారఫిన్ నూనె మనుషుల చర్మరంధ్రాలను మూయదు. ఆ సమాధానం కొనుగోలుదారు దాకా రాకపోవడానికి గల కారణాలలో కొన్ని తమ సంస్థ అమలుచేసే నిబంధనలలోనే ఉన్నందువల్ల, వాటిని సవరించవలసిందిగా కోరుతూ ఈ లేఖను తమకు ఉద్దేశించడమైనది.

ఈ విన్నపం ఖరగ్‌పూర్ నుంచి రావడానికి కారణం ఉంది. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ పట్టణం బెంగాల్ నాగపూర్ రైల్వే వల్ల పుట్టింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళకే ఇక్కడ జంక్షనూ కార్ఖానా ఏర్పడగా, వాల్తేరు వైపు సాగిన రైలుమార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో పనికోసం వచ్చి, రైల్వే క్వార్టర్లలోనూ చుట్టుపక్కల పేటలలోనూ స్థిరపడ్డాయి. పట్టణానికి మినీ ఆంధ్ర అన్న పేరు ఆ విధంగానే వచ్చింది; పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరూ మొదట తలచుకొన్నదీ ఈ పట్టణాన్నే. తరతరాలుగా ఇరుసులకూ బేరింగులకూ లేతు మిషన్లకూ వాడే నూనెలతో, గ్రీజుతో చేతులు తడిసిన ఈ సమాజంలో, పెట్రోలియం నూనె చర్మానికి హాని చేస్తుందన్న మాట పుస్తకం చూసి నేర్చుకొన్నది కాదు. కార్ఖానాలో పనిచేసే మనిషి ముంజేతుల మీద నల్లని మొనలతో లేచిన గుల్లలను ఇంటివాళ్ళు కళ్ళారా చూశారు. ఆ అనుభవం నిజమైనది, గౌరవించదగినది. దాన్ని క్రీము డబ్బాకు అన్వయించే చోటే లెక్క తప్పుతోంది, ఎందుకు తప్పుతోందో చెప్పేవారు లేకపోవడమే అసలు సమస్య.

చర్మరంధ్రం అన్న మాటతో జనం రెండు వేర్వేరు నిర్మాణాలను కలిపి చెప్పుకొంటారు. చెమట పోసే స్వేదరంధ్రాలు వేరు, మొటిమలు పుట్టే రోమకూపాలు వేరు. రోమకూపం అంటే వెంట్రుక మొలిచే సన్నని గొట్టం. దానికి ఆనుకొని ఉండే తైలగ్రంథి సీబం అనే కొవ్వు ద్రవాన్ని తయారుచేసి, ఆ గొట్టం గుండానే చర్మం పైకి పంపుతుంది. గొట్టం లోపలి గోడ నుంచి మృతకణాలు మామూలుగా విడివిడిగా రాలి, సీబంతోపాటు బయటికి వచ్చేస్తాయి. ఆ కణాలు అవసరానికి మించి పుట్టి, రాలకుండా ఒకదానికొకటి అంటుకొని బిరడా కట్టినప్పుడు ఏర్పడేదాన్ని వైద్యులు కామెడోన్ అంటారు. దాని నోరు మూసుకొని ఉంటే చర్మం కింద తెల్లని గింజలాగా కనిపిస్తుంది, నోరు తెరుచుకొంటే పైభాగం నల్లబడి బ్లాక్‌హెడ్ అనిపించుకొంటుంది. ఆ నలుపుకు ముఖ్యకారణం చర్మానికి రంగునిచ్చే మెలనిన్, మురికి కాదు. బిరడా వెనుక చేరిన సీబంలో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరిగి, శరీరం దానికి ప్రతిస్పందించగా వాపూ ఎరుపూ చీమూ వస్తాయి. కాబట్టి పైన పూసిన పదార్థం గొట్టంలోకి జారి మూతలాగా కూర్చోవడం వల్ల మొటిమ వస్తుందన్న ఊహ సరికాదు. ఆ పదార్థం గోడలోని కణాలను రెచ్చగొట్టి, అవి అతిగా పెరిగి అతుక్కొనేటట్లు చేస్తేనే వస్తుంది. ఇందుకు రోజులు చాలవు, వారాలు పడుతుంది. నిన్న రాసిన క్రీమును నేటి మొటిమకు కారణంగా చూసే అలవాటు అందువల్లనే చాలాసార్లు దారి తప్పిస్తుంది.

కార్ఖానా నూనె కణాలను రెచ్చగొట్టే పనే చేస్తుంది. ఇనుమును కోసేటప్పుడు పనిముట్టు వేడెక్కకుండా పోసే కటింగ్ ఆయిలూ, కదిలే భాగాలకు పట్టించే గ్రీజూ దుస్తులలో ఇంకి, గంటల తరబడి చర్మానికి రాసుకొంటూ ఉంటే, ముఖం కంటే ముందు ముంజేతుల మీదా తొడల మీదా రోమకూపాలు బిరడా కట్టి వాస్తాయి. వృత్తివైద్య గ్రంథాలు దీన్ని తైల మొటిమలని పేర్కొంటాయి. ఇనుప రజను గీతలు పెట్టడమూ, పని ముగిశాక కాటన్ వేస్ట్‌ను కిరసనాయిలులో ముంచి చేతులు తుడుచుకోవడమూ ఈ హానిని పెంచుతాయి, ఎందుకంటే కిరసనాయిలు చర్మపు సహజమైన కొవ్వును లాగివేసి పైపొరను చీల్చుతుంది. శుద్ధి చేయని నూనెల హాని మొటిమలతో ఆగదు. 1775లో లండన్ వైద్యుడు పెర్సివాల్ పాట్ పొగగొట్టాలు తుడిచే పనివారిలో మసి వల్ల వృషణకోశానికి క్యాన్సర్ వస్తున్నదని గుర్తించాడు. తరువాతి కాలంలో లాంకషైర్ నూలు మిల్లులలో యంత్రాల నూనె తొడల మీద చిమ్మిన కార్మికులలోనూ అదే వ్యాధి కనిపించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నేటికీ, శుద్ధి చేయని, కొద్దిగా మాత్రమే శుద్ధి చేసిన ఖనిజ నూనెలను మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో ఉంచింది. అదే సంస్థ బాగా శుద్ధి చేసిన ఖనిజ నూనెలను మూడో వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగిస్తాయని చెప్పడానికి తగిన ఆధారం లేనివాటిలో ఉంచింది.

ఒకే ముడినూనె నుంచి వచ్చినవాటి మధ్య ఇంత తేడా ఎలా వచ్చిందంటే, హాని చేసే భాగం వేరు, మిగిలే భాగం వేరు కావడం వల్ల. ముడి పెట్రోలియంలో గంధకపు సమ్మేళనాలూ, అనేక బెంజీన్ వలయాలు కలిసిన సుగంధ హైడ్రోకార్బన్లూ ఉంటాయి. చర్మకణాలను రెచ్చగొట్టేవీ, జన్యుపదార్థానికి అతుక్కొనేవీ ప్రధానంగా ఇవే. ద్రావకాలతోనూ, తీవ్ర పీడనం కింద హైడ్రోజన్‌తోనూ వీటిని తొలగిస్తే మిగిలేది, కార్బన్ గొలుసులు పూర్తిగా హైడ్రోజన్‌తో నిండి, ఇక దేనితోనూ సులభంగా చర్య జరపని పారఫిన్. భారత ఫార్మకోపియా, అంటే ఔషధ పదార్థాల శుద్ధతకు దేశంలో చట్టబద్ధమైన ప్రమాణగ్రంథం, లిక్విడ్ పారఫిన్‌ను మలబద్ధకానికి కడుపులోకి పుచ్చుకొనే మందుగా కూడా గుర్తించింది. ఫార్మకోపియాల పరీక్షలలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేసినప్పుడు నూనె నల్లబడకూడదు. అతినీలలోహిత కాంతిని అది పీల్చుకొనే తీరును బట్టి వలయపు హైడ్రోకార్బన్లు మిగిలాయేమో చూస్తారు. ఈ పరీక్షలు దాటిన నూనె చర్మపు మృతకణాల పైపొరలోనే నిలిచిపోతుంది. చర్మం మీది సూక్ష్మజీవులు విడగొట్టి కొవ్వు ఆమ్లాలను రాబట్టుకోవడానికి ఇందులో కొవ్వు ఆమ్లాలే లేవు. ఈ విషయంలో వంటనూనెల కంటే ఇది నిరపాయకరమైనది. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ పేరుతో ప్రసిద్ధమైన కోల్డ్ క్రీములో తేనెమైనం, ఆలివ్ నూనె ఉండగా, తరువాతి తయారీదారులు ఆలివ్ నూనె స్థానంలో ఖనిజ నూనె వాడటానికి ఒక కారణం ఇది ముక్కిపోకపోవడమే.

పెట్రోలియం జెల్లీ కథ కూడా చమురుబావి దగ్గరే మొదలైంది. రాబర్ట్ చీజ్‌బరో అనే అమెరికన్ రసాయనవేత్త 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో, పంపుల కడ్డీలకు అంటుకొనే నల్లని మైనాన్ని పనివాళ్ళు కోతలకూ కాలిన గాయాలకూ పూసుకోవడం గమనించి, దాన్ని శుద్ధిచేసే పద్ధతిని సాధించి 1872లో వాసెలిన్ పేరుతో పేటెంటు పొందాడు. అతని పదార్థంలోని గుణం తేమను పుట్టించడంలో లేదు, ఉన్న తేమను పోనివ్వకపోవడంలో ఉంది. చర్మం నుంచి కంటికి కనిపించకుండా ఆవిరయ్యే నీటిని ఆపడంలో దీనికి సాటివచ్చే పదార్థాలు అరుదు. అయితే అది గాలి చొరబడని పొరగా పైనే కూర్చుంటుందన్న పాత ఊహను 1992లో గదియల్లీ, ఎలియాస్ తదితరుల పరిశోధన సవరించింది. జెల్లీ మృతకణాల మధ్య సందులలోకి ఇంకుతుందనీ, దాని కింద చర్మం తన రక్షణపొరను యథావిధిగా బాగుచేసుకొంటుందనీ వారు చూపారు. డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తరగాలికి పెదవులూ మడమలూ పగిలే ఈ ప్రాంతంలో ఇటువంటి లేపనాల అవసరం అందరికీ తెలిసినదే. 1929లో కలకత్తాలో గౌర్ మోహన్ దత్తా ఆరంభించిన బోరోలిన్ నేటికీ బెంగాలీ, తెలుగు తేడా లేకుండా ఇళ్ళలో కనిపిస్తుంది. అందులో బోరిక్ ఆమ్లం, జింక్ ఆక్సైడులతోపాటు గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ అనే కొవ్వు ఉంటుంది. ఆ లానోలిన్‌కు చెందిన కొన్ని రసాయన రూపాల మీద కూడా చర్మరంధ్రాలను మూస్తాయన్న అనుమానం ఒకప్పుడు పడింది.

ఈ అనుమానాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకొంటే వాటి విలువ తెలుస్తుంది. క్లోరిన్ కలిసిన పారిశ్రామిక రసాయనాల వల్ల కార్మికులకు వచ్చే మొండి మొటిమలను పరిశీలించడానికి 1940ల మొదట్లో శాస్త్రజ్ఞులు కుందేలు చెవి లోపలి భాగం మీద ఆ రసాయనాలను పూసి చూశారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ తన సహచరులతో కలిసి అదే పద్ధతిని సౌందర్య సాధనాలకు వర్తింపజేసి, 1972లో సౌందర్య సాధనాల మొటిమలు అనే భావనను ప్రతిపాదించాడు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటడం న్యాయం కాదు: అదే క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ఏళ్ళ తరబడి సాగించిన ప్రయోగాలు వైద్యనీతి చరిత్రలో తీవ్రమైన తప్పిదంగా నిలిచిపోయాయి. ఈ విజ్ఞానంలో ఎంత భాగాన్ని ఎవరి శరీరాలు మోశాయో మరచిపోరాదు. ఆ తరువాత జేమ్స్ ఫుల్టన్ 1984లోనూ 1989లోనూ ప్రచురించిన పరిశోధనలలో, క్రీములలో వాడే పదార్థాలను ఒక్కొక్కటిగా కుందేలు చెవికి పూసి, బిరడా కట్టే స్వభావానికి 0 నుంచి 5 వరకు అంకెలు వేశాడు. నేడు రంధ్రాలను మూసే పదార్థాల జాబితా పేరుతో ప్రచారంలో ఉన్నవాటికి మూలం చాలావరకు ఆ పట్టికే. అందులో ఐసోప్రొపిల్ మిరిస్టేట్‌కు, అంటే క్రీము జిడ్డు తెలియకుండా జారడానికి కలిపే పదార్థానికి, 5 వచ్చింది. కొబ్బరి నూనెకు 4 వచ్చింది. ఖనిజ నూనె పట్టిక అడుగు భాగంలోనే ఉండిపోయింది. ఖనిజ నూనెను నిందించడానికి ఉదహరించే పట్టికే దాన్ని తక్కువ అనుమానించడం చాలామంది గమనించని విషయం.

కుందేలు చెవిలోని రోమకూపాలు మనిషి ముఖం మీదివాటి కంటే చాలా సున్నితమైనవి, త్వరగా బిరడా కడతాయి. కాబట్టి అక్కడ నిరపాయమని తేలిన పదార్థాన్ని నమ్మవచ్చు గానీ, అక్కడ దోషిగా తేలినదంతా మనిషికి దోషి కాదు. ఈ లోపం గ్రహించిన మిల్స్, క్లిగ్‌మన్‌లు 1982లో మనుషుల వీపు పైభాగం మీద పరీక్షించే పద్ధతిని వివరించారు. పెద్ద రోమకూపాలు ఉన్న వ్యక్తుల వీపు మీద పదార్థాన్ని పట్టీ కింద వారాలపాటు ఉంచి, చివర జిగురుతో ఆ చోట రోమకూపాలలోని బిరడాలను పైకి లాగి, సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. 1996లో క్లిగ్‌మన్ పెట్రోలియం జెల్లీ కుందేళ్ళలోనూ మనుషులలోనూ బిరడాలు కట్టించదని ప్రచురించాడు. 2005లో జోసెఫ్ డినార్డో అప్పటిదాకా వచ్చిన ఆధారాలను పరిశీలించి, సౌందర్య సాధనాల శ్రేణికి చెందిన ఖనిజ నూనె మనుషులలో కామెడోన్లు కలిగించదని నిర్ధారించాడు. 2006లో జోయి డ్రేలోస్, డినార్డో కలిసి ఇంకొక అడుగు వేశారు: పట్టికలో దోషులుగా ఉన్న పదార్థాలు కలిసినంత మాత్రాన తయారైన క్రీము రంధ్రాలను మూస్తుందని చెప్పలేమనీ, పరీక్షించవలసింది పూర్తయిన క్రీమునే అనీ చూపారు. ఆ పరీక్షలో పాల్గొన్నది ఆరుగురే. ఇంత కొద్దిమంది వీపు మీద కొన్ని వారాలు జరిగిన పరీక్షను కోట్లాది ముఖాల మీద ఏళ్ళ తరబడి జరిగే వాడుకకు సమానం చేయలేము, ఆ మేరకు విజ్ఞానానికి ఇంకా పని మిగిలే ఉంది. అయినా కుందేలు మీది పరీక్ష, మనిషి మీది పరీక్ష, ఆధారాల సమీక్ష మూడూ ఒకే వైపు చూపుతున్నప్పుడు, శుద్ధమైన పారఫిన్ మీద నేరం మోపడానికి మిగిలే ఆధారం లేదు.

దీని అర్థం, ఏ కాలంలోనైనా ఎంత మందంగానైనా పూసుకోవచ్చునని కాదు. ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటే ఎండా, ఆపైన వర్షాకాలపు ఉక్కా ఉండే ఖరగ్‌పూర్‌లో, నుదుటి మీద జెల్లీ పొర చెమటను నిలువరించి చెమటకాయలు తెప్పించవచ్చు; వెంట్రుకలు ఉన్న చోట గట్టిగా ఎదురు రుద్దితే రోమకూపాలు వాచి చిన్న చీముగుల్లలు లేవవచ్చు. మొదటిది స్వేదరంధ్రాల సమస్య, రెండోది రాపిడీ సూక్ష్మజీవులూ కలిసి చేసేది. రెండూ కామెడోన్ కావు, వాడకం ఆపితే కొద్దికాలంలో తగ్గుతాయి. అందుచేత చలికాలంలో పెదవులకూ చేతులకూ జెల్లీ, వేసవిలో ముఖానికి పలుచని నీటి క్రీము అనే సాధారణ వివేకం సరిపోతుంది.

ఖనిజ నూనె పట్ల భయం తనంతట తాను ఎవరికీ పెద్ద హాని చేయకపోవచ్చు. హాని ఆ భయం మనుషులను ఎటు నడిపిస్తున్నదన్న దగ్గర ఉంది. పెట్రోలియం వద్దనుకొన్నవారు మొదట చేరేది కొబ్బరి నూనె దగ్గరికి. తెలుగువారికి తలనూనెగా అలవాటైన ఈ నూనె పొడిబారిన కాళ్ళకూ చేతులకూ మేలైనదే; 2004లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన ఒక పరీక్షలో పొడిచర్మానికి అది ఖనిజ నూనెతో సమానంగా పనిచేసింది. కానీ మొటిమల వయసు పిల్లల ముఖానికి అది తగినది కాదు. తలకు దట్టంగా పట్టించిన నూనెలు నుదుటి మీదికి దిగి, జుట్టు అంచు వెంబడి వరుసగా చిన్న గింజలు లేపుతాయని 1970లోనే ప్లెవిగ్, ఫుల్టన్, క్లిగ్‌మన్‌లు వర్ణించారు. సహజమైనది కాబట్టి సురక్షితమనీ, భూమిలోంచి తీసినది కాబట్టి హానికరమనీ అనుకొనే తర్కం ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది.

అంతకంటే ఎన్నో రెట్లు ఆందోళన కలిగించే మజిలీ ఇంకొకటి ఉంది: స్టీరాయిడ్ కలిసిన లేపనాలు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటి స్టీరాయిడ్లు ఎగ్జిమా, సోరియాసిస్ వంటి చర్మవ్యాధులలో వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికాలం వాడదగిన విలువైన మందులు. అవే ముఖం తెల్లబడటానికి చిట్కాగా నోటి మాట మీద చేతులు మారుతున్నాయి. మొదటి వారాలలో అవి వాపును అణచి ముఖాన్ని నునుపుగా చూపిస్తాయి. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, ఎర్రని రక్తనాళాలు బయటపడి, ఒకే తీరుగా ఉండే మొటిమలు ముఖమంతా విచ్చుకొంటాయి, మానివేస్తే మంట మరింత ఎక్కువవుతుంది. భారతదేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలలో పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖచర్మ సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది, అంటే దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు, ముఖానికి స్టీరాయిడ్ వాడుతున్నట్లు తేలింది. వారిలో ఎక్కువగా కనిపించిన దుష్ఫలితం మొటిమలు పుట్టడం లేదా ఉన్నవి ముదరడం. ఇలాంటి బాధితురాలు తన ముఖాన్ని చూసుకొని మొదట అనుమానించేది నలుగురూ చెప్పే నూనెనే. అసలు కారణమైన గొట్టాన్ని మాత్రం ఉపశమనం ఇస్తున్నదన్న నమ్మకంతో మళ్ళీ మళ్ళీ కొంటుంది. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 పూతమందు స్టీరాయిడ్లను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి, అంటే వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితాలోకి, తేవడం మేలైన నిర్ణయం. ఆ నిర్ణయం చిన్న పట్టణాల కౌంటరు దాకా చేరడంలోనే దాని విలువంతా ఉంది.

ఇక తమ నిబంధనల విషయం. 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం క్రీములో 1 శాతానికి మించి ఉన్న పదార్థాలను పరిమాణం తగ్గే వరుసలోనూ, ఆలోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా ప్యాకింగు మీద ముద్రించాలి. ఇది చాలా మంచి నియమం, కానీ దాని వెంటే ఒక మినహాయింపు ఉంది: 30 గ్రాముల లోపు ముద్దలకూ, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకూ ఈ జాబితా అవసరం లేదు. పెద్ద నగరంలో పెద్ద డబ్బా కొనేవారికి ఈ మినహాయింపు తగలదు. నెలజీతం మీదా దినకూలీ మీదా బతికే రైల్వే పట్టణంలో, గోల్‌బజార్ వంటి అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడుపోయేది చిన్న గొట్టాలూ సాచెట్లూ కాబట్టి, సమాచారం అత్యవసరమైన కొనుగోలుదారే సమాచారం పొందే హక్కుకు బయట మిగిలిపోతున్నాడు. తాను కొన్న గొట్టంలో శుద్ధమైన పారఫిన్ ఉన్నదో, 5 అంకె తెచ్చుకొన్న ఐసోప్రొపిల్ మిరిస్టేట్ ఉన్నదో అతనికి తెలిసే దారి లేదు. చిన్న ప్యాకింగు మీద చోటు తక్కువన్న వాదన ఒకనాడు సబబే. నేడు మడత కాగితం మీదనో, ఫోనుతో చదివే గడుల గుర్తు ద్వారానో ఆ జాబితాను ఇవ్వడం తయారీదారుకు భారం కాదు.

రెండో లోటు ప్రకటనలలో ఉంది. నాన్ కామెడోజెనిక్, అంటే రంధ్రాలను మూయనిది, అన్న మాటను అనేక క్రీముల మీద ముద్రిస్తున్నారు. ఏ పరీక్ష, ఎంతమంది మీద, ఎన్ని వారాలు చేస్తే ఆ మాట వాడవచ్చునో మన నిబంధనలు నిర్వచించలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా నిర్వచించలేదు. 2014లో భారతదేశం సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్నీ, అలా పరీక్షించినవాటి దిగుమతినీ నిషేధించింది. అది మానవీయమైన నిర్ణయం, హర్షించదగినది. దానితో కుందేలు చెవి పరీక్ష ఇక్కడ చట్టరీత్యా ముగిసిపోయింది కనుక, ఈ మాటకు నిలబడగల ఆధారం మనుషుల మీద జరిగిన పరీక్ష ఒక్కటే. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం తప్పుదోవ పట్టించే మాటలున్న సౌందర్య సాధనాన్ని తప్పుడు లేబులు గలదిగా పరిగణిస్తుంది. పరీక్ష లేకుండా రంధ్రాలను మూయదని రాయడమూ, శుద్ధమైన ఖనిజ నూనె లేకపోవడాన్ని మొటిమల నుంచి రక్షణగా ప్రచారం చేయడమూ రెండూ ఆ కోవలోకే వస్తాయని ఈ లేఖ అభిప్రాయం.

కాబట్టి తమకు చేసే విన్నపాలు ఇవి. రంధ్రాలను మూయదన్న మాట వాడదలచిన తయారీదారు, పూర్తయిన క్రీమును మనుషుల మీద పరీక్షించిన నివేదికను దగ్గర ఉంచుకొని, అడిగిన పౌరుడికి దాని సారాంశం ఇవ్వాలని నిబంధన చేర్చాలి. ఖనిజ నూనె, పెట్రోలియం జెల్లీ వాడిన ప్రతి క్రీము మీదా అవి ఫార్మకోపియా శ్రేణికి చెందినవని ముద్రించేటట్లు చూడాలి, ఎందుకంటే కార్ఖానా నూనెను ఎరిగిన కుటుంబానికి ధైర్యం చెప్పగల మాట అదొక్కటే. సౌందర్య సాధనాల తయారీకి లైసెన్సు ఇచ్చేదీ దుకాణాలను తనిఖీ చేసేదీ రాష్ట్రాల అధికారులే కనుక, పశ్చిమ బెంగాల్ ఔషధ నియంత్రణ విభాగంతో కలిసి స్టీరాయిడ్ లేపనాల అమ్మకాన్ని చిన్న పట్టణాలలో తనిఖీ చేయించాలి. ఆ హెచ్చరికలు ఖరగ్‌పూర్‌లో బెంగాలీ, హిందీలతోపాటు తెలుగులోనూ అంటించాలి. అన్నిటికంటే ముందు చేయదగినదీ, అన్నిటికంటే తేలికైనదీ ఒకటి ఉంది. దానికి కొత్త పరిశోధన అక్కరలేదు, కొత్త ప్రయోగశాల అక్కరలేదు: 30 గ్రాములు, 60 మిల్లీలీటర్లు అన్న మినహాయింపును 2020 నిబంధనల నుంచి తొలగిస్తే చాలు. ఆ సవరణను వెంటనే ప్రతిపాదించవలసిందిగా తమను కోరడమైనది.